గాలి చూపించండి

ఇరవై పాయింటు తొమ్మిది. పాతికేళ్ళుగా నా బతుకంతా ఈ అంకె చుట్టూనే తిరిగింది. బయట గాలిలో ఆక్సిజన్ నూటికి అంత ఉంటుంది. కడపలో అంతే, కర్నూల్లో అంతే, మధ్యలో ఏ పల్లెలో బస్సు దిగి చూసినా అంతే. మా సీమలో వాన ఏ ఏడూ చెప్పినట్టు పడదు. నిన్న బోర్లో ఉన్న నీళ్ళు ఇవాళ ఉండవు. కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. మారకుండా ఉండేది ఈ ఒక్క అంకే అనుకుని దాన్ని నమ్ముకున్నాను. ఇప్పుడు అది ఎక్కడ కనబడినా చూడలేను. మొన్న పెట్రోలు బంకులో మీటరు మీద ఆ అంకె దాటుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఫ్యాక్టరీల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు బిగించడం, అవి నిజం చెబుతున్నాయో లేదో చూసుకోవడం నా పని. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అంటే "ఆక్సిజన్ పని" అంటాను. కరోనా వచ్చినప్పటి నుంచీ అందరూ నేను సిలిండర్లు ఇప్పించేవాణ్ణనుకుని ఫోన్ నంబరు రాసుకుంటారు. సిలిండరు కాదండీ, మీటరు అంటే మొహం చిన్నబుచ్చుకుని భోజనాల వైపు వెళ్ళిపోతారు.

కడపలో ఇల్లు. తిరుగుడంతా సిమెంటు ఫ్యాక్టరీల మీద. సున్నపురాయిని కాల్చే కిల్ను ఉంటుంది చూశారూ, పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం, తిరుగుతూ లోపల భగభగ మండుతుంటుంది. దాని వెనక మూతి దగ్గర పొగలోకి మనిషి నిలువంత కడ్డీ దూర్చాలి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఆ కడ్డీ చెబుతుంది. ఎక్కువ మిగిలితే బొగ్గు దండగ. తక్కువైతే బొగ్గు సరిగ్గా కాలడం లేదని అర్థం. వినడానికి ఇంతే. మే నెలలో ఆ పైన నిలబడితే తెలుస్తుంది సంగతి. దుమ్ముకు కడ్డీ మూతి వారానికోసారి పూడుకుపోతుంది. బయటికి లాగి, ఊది, మళ్ళీ దూర్చేసరికి బనియను పిండితే బకెట్టు నిండుతుంది. కింద ఏసీ గదిలో కూర్చున్నాయన మాత్రం ఫోను చేసి, "ఏమప్పా, ఇంగా కాలేదా? రీడింగు నిలబడిపోయిండాది" అంటాడు. నిలబడక పరిగెత్తుతుందా, కడ్డీ నా చేతిలో ఉంటే!

ఈ పెద్ద పరికరాలతో పాటు చేతి మీటర్లు కూడా ఇస్తాం. సబ్బుబిళ్ళంత ఉంటుంది. చొక్కా జేబుకు తగిలించుకోవచ్చు. ట్యాంకుల్లోకీ తొట్లలోకీ మనిషి దిగేటప్పుడు లోపల ఊపిరాడే గాలి ఉందో లేదో చెప్పడం దాని పని. ఆక్సిజన్ పంతొమ్మిదిన్నర కంటే తగ్గినా, ఇరవై మూడున్నర కంటే పెరిగినా చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మా వైపు పనివాళ్ళు మోగింది అనరు, కూసింది అంటారు. "సారూ, మీటరు కూస్తాండాది" అని ఫోను వస్తే నాకు అన్నం సహించేది కాదు.

ప్రతిరోజూ వాడే ముందు ఆ మీటరును మంచి గాలిలో పట్టుకుని ఒక బటన్ నొక్కాలి. ఓహో, ఇదీ ఇరవై పాయింటు తొమ్మిది అని అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత చూపించే ప్రతి అంకెనూ దాన్నిబట్టే లెక్కకడుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో దీని మీద మూడు పేజీలున్నాయి. ఆ పుస్తకం ఎవడు చదువుతాడు? అందుకని దానికి నేనే ఒక తెలుగు మాట పెట్టాను. గాలి చూపించడం.

ఆ మాట గాల్లోంచి ఊడిపడలేదు. బద్వేలులో మాది కిరాణా కొట్టు. మా నాయన తక్కెడ పట్టుకుంటే ముందు ఉత్త తక్కెడనే పైకెత్తేవాడు. రెండు పళ్ళేలూ సమంగా ఆగేదాకా ఓపిగ్గా ఉండి, ఎదుటివాడితో "ముల్లు సూడప్పా" అనేవాడు. వాడు చూసి తలూపాకే బెల్లమైనా, కందిబ్యాళ్ళైనా. తర్వాత్తర్వాత ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. అలవాటు పోతే కదా! సున్నా కనబడేలా కాటాను అటు తిప్పి, అప్పుడు కూడా "ముల్లు సూడప్పా" అనేవాడు. "ముల్లు యాడుండాది నాయనా దాంట్లో?" అని నేను నవ్వితే, "నీ తలకాయ. ముందు చూపియ్యడం ముఖ్యం" అని కసురుకునేవాడు. కొట్టు మా అన్నకు పోయింది. నాకు ఈ మాట మిగిలింది.

ఫ్యాక్టరీల్లో పనివాళ్ళను కూర్చోబెట్టి మీటరు వాడకం చెప్పేటప్పుడు తక్కెడ కథే మొదలుపెట్టేవాణ్ణి. "ముల్లు చూపియ్యకుండా తూకమేస్తే ఒప్పుకుంటారాప్పా మీరు? ఇదీ అంతే. దీనికి ముల్లు లేదు కాబట్టి గాలి చూపియ్యల్ల" అనేవాణ్ణి. అందరికీ ఇట్టే ఎక్కేది. ఇంగ్లీషు స్లయిడ్లు వేసే హైదరాబాదు ఇంజినీర్ల కంటే నా క్లాసుకే జనం ఎక్కువ. ఆ పొగరు కూడా నాకు ఉండేది, దాచడం ఎందుకు?

మా రెండు జిల్లాల్లో ఉన్న ఫ్యాక్టరీల్లో ఒకదానిలో, ఏదో చెప్పను, నా దగ్గర ఈ పాఠం విన్నవాళ్ళలో అతను ఒకడు. కోయిలకుంట్ల దగ్గర పల్లె. కాంట్రాక్టు ఫిట్టరు. నలభై దాటి ఉంటాయి. శనగ వేసే నల్లరేగడి చేను కొంచెం ఉండేది. వరసగా రెండేళ్ళు ఎండిపోయేసరికి స్పానరు పట్టుకున్నాడు. చొక్కా పైగుండీ దాకా పెట్టుకునేవాడు, ఎంత ఎండలోనైనా. చదువు అయిదో తరగతి. చేతిపని మాత్రం చూసి తీరాలి. నట్టు ముప్పావు చుట్టు తిప్పమంటే ముప్పావే, వెంట్రుకవాసి ఎక్కువ తిప్పడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు దొరకడం నా పనిలో ఎంత అదృష్టమో మీకు తెలీదు. పక్కవాళ్ళంతా సొంత తెలివి చూపించి పరికరాలు పాడు చేస్తే తలకొట్టుకునేది నేనే. అందుకే ఆ ప్లాంటుకు పోయిన ప్రతిసారీ అతన్నే కావాలని అడిగి పిలిపించుకునేవాణ్ణి. అతను నాకూ కలిపి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, అదే వేరుశనగల కారప్పొడి, కట్టించుకొచ్చేవాడు. "మా ఇంట్లో కొట్టిచ్చింది సారూ, రోంత కారం ఎక్కువైంది. తినండి" అనేవాడు.

పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది. ఇరవైమంది దాకా ఉన్నారు. నేను తక్కెడ కథ చెప్పాను, బటన్ చూపించాను, అందరిచేతా నొక్కించాను. ఇంకేమైనా అడుగుతారా అన్నాను. ఎవరూ అడగరు, ఎప్పుడూ అడగరు. అతను లేచి నిలబడ్డాడు.

"సారూ, గాలి యాడ చూపియ్యల్ల?"

నాకు ఆకలి దంచేస్తోంది. రెండింటి బస్సు పోతే మళ్ళీ అయిదింటికే. పైగా అంతసేపు చెప్పాక ఇదేం ప్రశ్న అని కోపం. నా నోరు పడిపోను, ఇలా అన్నాను: "గాలి యాడ లేదప్పా? నీ ముక్కుకు దొరికిన కాడల్లా గాలే. యాడన్నా చూపియ్యి."

అందరూ గొల్లున నవ్వారు. అతనూ నవ్వాడు. "సరే సారూ" అని కూర్చున్నాడు.

బయట నిలబడి, లోపలికి దిగకముందే, మంచి గాలిలో. పుస్తకంలో అలా ఉంది. ఆ మూడు ముక్కలు నేను చెప్పలేదు. చెప్పే ఉంటానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. చెప్పలేదు. లోపల ఉండేదాన్ని గాలి అని ఎవరంటారు, గాలి అంటే బయట గాలేగా అని నా బుర్ర అనుకుంది. అతని బుర్రలో కూడా అదే ఉంటుందని ఎలా అనుకున్నానో!

ఇంకో పాపం కూడా నాదే. ఆ మీటర్లు ఎండకు ఊరికే అటూ ఇటూ అయ్యి, బయట ఉన్నప్పుడే కూసేవి. కూసిందంటే చాలు నాకు ఫోను. ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ ఉప్మా కలుపుతుంటే ఫోను వచ్చింది. కడప నుంచి అంతదూరం పోయి చూస్తే మీటరుకు రోగం లేదు, పాడు లేదు. బటన్ ఒకసారి నొక్కితే సరిపోయింది. ఒక్క నొక్కుడు కోసం పొద్దంతా ఎండలో బస్సులు మారాను. ఆ మంటలో ఒక చీటీ రాసి, కడపలో జిరాక్సు షాపులో ప్లాస్టిక్ తొడుగు వేయించి, తర్వాతిసారి పోయినప్పుడు అన్ని మీటర్ల వీపుకూ గమ్ముతో అతికించాను. నా దస్తూరీయే.

"ముందు గాలి చూపించండి. కూస్తే మళ్ళీ చూపించండి. 20.9 రావాలి."

ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

పొడిచేసిన బొగ్గును ఫ్యాక్టరీలో ఒక పెద్ద తొట్టిలో నిలవ ఉంచుతారు. ఆ పొడి తనంతట తనే రాజుకుంటుంది. రాజుకోకుండా తొట్టిలోకి నైట్రోజన్ వదులుతారు. నైట్రోజన్ విషం కాదు. వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. మనం రోజూ పీల్చేదాంట్లో ఎక్కువ భాగం అదే. ఆక్సిజన్‌ను తోసేసి అదొక్కటే నిండుకుంటే మాత్రం మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, తల పనిచేయడం ఆగిపోతుంది. ఏదో అవుతోందని కూడా తెలీదు. అందుకే మీటరు.

ఆ రోజు షట్‌డౌను. తొట్టి ఖాళీ చేసి, లోపల రేకులు మార్చాలి. పొద్దున ఫ్యాన్లు పెట్టి గాలి కొట్టారు, కొలిచారు, దిగవచ్చని కాగితం రాశారు. మధ్యాహ్నం దాకా అతను లోపలే పనిచేసి పైకి వచ్చాడు. అన్నం తినే గంటలో ఎక్కడో నైట్రోజన్ వాల్వు సరిగ్గా పట్టక, లోపలికి కారుతూ ఉంది. అన్నం తిని వచ్చి అతను మళ్ళీ నిచ్చెన దిగాడు. నడుముకు తాడుంది. జేబుకు మీటరుంది. పైన మూత దగ్గర కాపలాకు ఒక పెద్దాయన కూర్చున్నాడు, అతనూ కాంట్రాక్టు పనివాడే. ఆ తర్వాత జరిగింది ఆ పెద్దాయన నాకు చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పాడు.

"రెండు మెట్లు దిగినాడో లేదో కూసింది సార్. ఏమప్పా, కూస్తాండాది అని కేకేసినా. గాలి చూపిస్తాండాలే మామా అన్యాడు. ఆగిపోయింది. ఇంగ రోంత కిందికి పోయినాక మళ్ళా కూసింది. మళ్ళా ఆగిపోయింది. అడుక్కు పోయినాక మూడోతూరి కూసింది. అదీ ఆగిపోయింది. ఆగిపోయింది గదా, ఇంగేం బయమని నేను బీడీ తీసినా సార్. నాలుగైదు నిమిషాలకు పిలిస్తే పలకల్యా."

తాడు పట్టి నలుగురు పైకి లాగారు. ఊపిరి ఉంది, తెలివి లేదు. బయట మంచి గాలిలో పడుకోబెట్టగానే జేబులో మీటరు మళ్ళీ కూయడం మొదలుపెట్టింది. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది? లోపలి చచ్చుగాలినే ఇరవై పాయింటు తొమ్మిది అని నేర్పితే, బయటి గాలి దానికి అతిగా కనబడింది. ఆ కూత ఆపడానికి ఎవరో దాన్ని ఊడదీసి, వీపు మీద చీటీ చదివి, బటన్ నొక్కారు. ఇరవై పాయింటు తొమ్మిది వచ్చింది. మీటరు నోరు మూసుకుంది.

మర్నాడు నేను పోయేసరికి అది బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉంది. ప్లాంటు మేనేజరు ముందే నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం విచారణకు ఆఫీసర్లు వస్తున్నారు, ఆలోపు మీటరు సంగతి తేల్చమన్నాడు. లెక్క తెలిసిన గ్యాసు ఉన్న చిన్న సిలిండరు నా దగ్గర ఉంటుంది. పట్టి చూశాను. చెప్పాల్సిన అంకె చెప్పింది, చెప్పాల్సిన చోట కూసింది. పైసా తేడా లేదు. ఆ నాలుగో నొక్కుడు దాన్ని మళ్ళీ నిజాయితీపరుణ్ణి చేసింది.

మేనేజరు ఫోను మాట్లాడుకుంటూ బయటికి పోయాక మీటరును ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఎప్పుడు కూసిందో, అప్పుడు ఎంత చూపించిందో, ఎప్పుడు బటన్ నొక్కారో అన్నీ దాని కడుపులో ఉంటాయి. వాటిని బట్టి వెనక్కి లెక్కకట్టాను. అతను మొదటిసారి గాలి చూపించినప్పుడు లోపల ఉన్న అసలు ఆక్సిజన్ పదిహేడు. రెండోసారి పద్నాలుగు. మూడోసారి పదకొండు. మూడుసార్లూ నా మీటరు ఇరవై పాయింటు తొమ్మిది అంది. ఇప్పుడొచ్చే మీటర్లు అలా నొక్కితే ఒప్పుకోవు, తప్పు అని చూపిస్తాయి. ఆ పాత రకం ఏం చెప్పినా ఒప్పుకునేది. అతనిలాగే.

కూసింది. చూపించాడు. మళ్ళీ కూసింది. మళ్ళీ చూపించాడు. 20.9 రావాలి అని రాసి ఉంది, వచ్చింది. అందులో ఒక్క అక్షరం అతను తప్పలేదు. సొంత తెలివి కాస్త చూపించి ఉంటే, ఈ సారుగాడు ఏదో వాగాడులే అని పైకి ఎక్కి ఉంటే, ఇవాళ నా టిఫిన్ డబ్బాలో చెనిక్కాయల పొడి ఉండేది.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి ఇంతసేపు తిరిగి తిరిగి వస్తున్నాను. మీటరును వెనక్కి తిప్పి, బొటనవేలి గోరుతో ఆ చీటీని ఒక మూల నుంచి లేపాను. గమ్ము ఎండకు గట్టిపడి ఉంది. గోరు విరిగింది. ఊడి వచ్చాక పర్సులో పెట్టుకున్నాను. వీపు మీద మిగిలిన గమ్మును స్పిరిట్ గుడ్డతో తుడిచాను. మిగతా మీటర్లవి కూడా, చెక్ చేయాలని తెప్పించుకుని, ఆ పూటే ఊడదీశాను. ఎవరూ తీయమనలేదు. ఎవరూ బెదిరించలేదు. మేనేజరుకు ఆ చీటీ ఒకటుందనే తెలీదు. నా చేతులే తీశాయి.

"ఒక్క మాట చెప్పండి, మీటరు బాగుండాదా లేదా?" అన్నాడు మేనేజరు తిరిగొచ్చి.

"బాగుంది."

"అయితే మనిషిదే తప్పు గదా?"

 లోపల ఉండగా మూడుసార్లు బటన్ నొక్కాడని మీటరు చెబుతున్న సంగతి మాత్రం చెప్పాను. "అట్లెట్ల నొక్కుతాడు! చెప్పల్యా మీరు?" అన్నాడాయన. "ట్రైనింగు ఇచ్చాను" అన్నాను. అదీ అబద్ధం కాదు. పరికరంలో లోపం లేదు, వాడకంలో పొరపాటు అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు, వెతుక్కోండి.

కాపలా పెద్దాయన "గాలి చూపిస్తాండాలే" అన్న మాటను వాళ్ళకూ చెప్పాడట. భయంలో ఏదో అంటున్నాడని ఎవరూ రాసుకోలేదు.

నెల తర్వాత ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ మీటింగు పెట్టి నన్నూ పిలిచారు. ముందు వరసలో కుర్చీ వేశారు. చెప్పినట్టు చేయకుండా సొంత తెలివి వాడితే ఏమవుతుందో అతన్ని చూసి నేర్చుకోవాలని ఒకాయన అరగంట మాట్లాడాడు. పనివాళ్ళంతా తలలు ఊపుతూ విన్నారు. నాకు లేచి ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. లేచి ఏం చేశానంటే, వాళ్ళు వేసిన శాలువా కప్పించుకున్నాను. థూ! నా బతుకు!

అతను చావలేదు. కర్నూల్లో ఆసుపత్రిలో చాలా రోజులుండి ఇంటికి వచ్చాడు. మెదడుకు కొద్ది నిమిషాలు ఆక్సిజన్ అందలేదు, అంతే. నడిపిస్తే నడుస్తాడు. పెడితే తింటాడు. మాట లేదు. ఎవరినైనా గుర్తుపడతాడో లేదో తెలీదు.

నేను పోలేదు. ఇవాళ పోదాం, రేపు పోదామని ఎనిమిది నెలలు గడిపాను. ఈలోగా ఆ పల్లెలో ఏమనుకుంటున్నారో కాపలా పెద్దాయన ఫోన్లో చెప్పాడు. మీటరు మంచిదేనంట, ఈయప్పే తిక్కగా ఏందో నొక్కినాడంట అని ఊరంతా అనుకుంటోంది. అతని భార్య నీళ్ళ ట్యాంకు కాడికి పోతే ఆడవాళ్ళు ఆమె ముందే అంటున్నారు. అది విన్నాక అన్నం దిగలేదు. మనిషిని ఎలాగూ వెనక్కి తేలేను. పని తెలిసినవాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు అన్న పేరొక్కటే అతను సంపాదించుకుంది. దాన్నీ నా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది ఇచ్చేసి రావాలి. చీటీ ఆమె చేతిలో పెట్టి, ఇది నా రాతమ్మా, మీ ఆయన దీన్నే నమ్మాడు అని చెప్పాలి. తర్వాత తిట్టుకోనీ, కొట్టనీ, కేసు పెట్టనీ. ఆళ్ళగడ్డలో బస్సు మారేదాకా ఈ మాటలనే లోపల తిప్పుకుంటూ కూర్చున్నాను.

నాపరాళ్ళు పరిచిన చిన్న ఇల్లు. అతను వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. శుభ్రంగా స్నానం చేయించి, తల దువ్వి, చొక్కా పైగుండీ దాకా పెట్టి కూర్చోబెట్టింది. నన్ను చూశాడు. నా వెనక గోడను ఎలా చూశాడో అలాగే చూశాడు.

ఆమె పరిగెత్తుకొచ్చి గోడవారగా ఉన్న మంచం దులిపింది. "కూచోండి సార్. మీరు వచ్చినారంటే... ఆయప్పకు తెలిసింటే ఎంత సంబరపడునో. ఇంట్లో ఉన్నెంతసేపూ మా సారు ఇట్ల చెప్పినాడు, మా సారు అట్ల చెప్పినాడు అని మీ మాటే" అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చి గ్లాసులో పోసింది. నేను నీళ్ళు పట్టుకుని కూర్చున్నాను. పర్సు తొడకు గుచ్చుకుంటోంది.

ఆమె గడప పక్కన కింద కూర్చుంది. కాసేపు కొంగు అంచు చూసుకుని, తలెత్తకుండానే అడిగింది.

"సార్, మీకు తెలుస్తాది కాబట్టి అడుగుతాండా. ఊర్లో అందరూ ఒక మాట అంటాండారు. మా పాప మాత్రం, నాయన అట్ల చేసేవాడు కాదమ్మా అని ఏడుస్తాది. ఆయన నిజంగానే మీ మాట తప్పినాడా సార్?"

అడగనే అడిగింది. దారి పొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. నోరు తెరవాలి, అంతే. పర్సు మీదికి చెయ్యి పోయింది. ఇంతలో లోపల గడియారం చూసి, "అయ్యో, ఏలు చూసే టైమయింది. ఒక్క నిమిషం సార్" అని ఆమె లేచింది.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న మీటరు. కరోనా తర్వాత అందరి ఇళ్ళల్లో ఉంటున్నదే. ఆమె దాన్ని గూట్లోంచి తీసి, అతని దగ్గరికి పోలేదు. గడప దాటి, వసారా దాటి, వీధిలోకి పోయి ఎండలో నిలబడింది. చెయ్యి చాచి మీటరును పైకెత్తి పట్టుకుంది. పది అంకెలు లెక్కపెట్టినట్టు పెదవులు కదిలాయి. ఆ తర్వాత లోపలికి వచ్చింది. అంతవరకూ ఒళ్ళో ముడుచుకుని ఉన్న అతని చెయ్యి నెమ్మదిగా లేచింది. చూపుడువేలు చాచాడు.

నేనే అడిగాను. "అది... అది ఎందుకమ్మా బయటికి పట్టుకుపోయావు?"

"గాలి చూపియ్యల్ల గద సార్" అంది ఆమె, ఇంత తెలీదా అన్నట్టు. "ఏ మీటరుకైనా ముందు గాలి చూపియ్యల్లని ఆయనే చెప్పినాడు. మీరు చెప్పిందేనంట. చూపియ్యకుండా తెస్తే ఏలు ఇయ్యడు సార్, పిడికిలి బిగిస్తాడు. ఇంగ దేనికీ కదలడు. దీనికి మాత్రం కదుల్తాడు."

"బయటికే ఎందుకు? ఇంట్లోనే చూపించవచ్చు కదా."

"ఇంట్లో పొయ్యి పొగ ఉంటాది గద సార్. మంచి గాలంటే బయటనే గదా."

బడికి పోని మనిషి. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంత చదివి, ఇన్నేళ్ళు అదే పని చేసి, ఇరవైమంది ముందు నిలబడి నేను చెప్పని ముక్క అదే.

మీటరులో అంకె నిలబడింది. తొంభై ఏడు. "బాగుండాది గదా సార్?" అని ఆమె నాకు చూపించింది. బాగుందన్నాను. ఆమె మీటరును వేలి నుంచి తీసి, కొంగుతో తుడిచి, గూట్లో పెట్టి, వచ్చి మళ్ళీ అదే చోట కూర్చుంది. అడిగిన మాట ఆమె మరిచిపోలేదు. నా మొహంలోకే చూస్తోంది.

"తప్పలేదమ్మా" అన్నాను. "నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు."

ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఆ మొహంలో ఎంత తేటదనం వచ్చిందో చెప్పలేను. భర్త వైపు తిరిగి, "ఇన్నావా, సారు చెప్తాండాడు, నీది తప్పు లేదంట" అని గట్టిగా చెప్పింది. మళ్ళీ నా వైపు తిరిగింది.

"మరి ఎట్లయింది సార్?"

నేను గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాను. బస్సుకు వేళవుతోందమ్మా అని లేచాను. అతను ఇంకా వేలు చాపుకునే కూర్చున్నాడు.